ట్రేసరమ్మ చుక్కగీతలు

మంగళవారం పొద్దున్న ఆఫీసులో ఇంకా కుర్చీ జరుపుకుంటూ ఉండగానే సీలేరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యదు. “ఓలమ్మా, మన ట్రేసరమ్మ పోనాదే. పొద్దున్నే టీ గళాసు అట్టుకుని గుమ్మం కాడ కూకుంది. టీ సల్లారిపోనాది గానీ మనిసి లెగనేదు,” అంది. నాకు ఏడుపు రాలేదు, ముందు కోపం వచ్చింది. నెల కిందట ఫోన్లో “మోకాలు తప్ప నాకేటీ నేదు గుంటా” అని నన్ను నమ్మించింది ఆవిడ. నమ్మి, వేసవిలో వెళ్దాంలే అనుకున్నాను.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసే వీలు లేదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. సీలేరు కరెంటు ప్రాజెక్టు కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఉండేది. డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన పటం మీద పలచటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద కనపడే ప్రతి గీతనీ సిరాతో ఎత్తి గియ్యడం ఆ ఉద్యోగం. ఆ గుడ్డ నుంచి కాపీలు తీసి పనులు జరిగే చోటికి పంపేవారు. ముంచింగిపుట్టు అవతల కొండల్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, డ్రాయింగు కోర్సు చేసి, ఇరవై ఏళ్ళు నిండగానే ఆ స్టూలు ఎక్కింది. రిటైరయ్యేదాకా దిగలేదు, ఆ తర్వాత కూడా సీలేరు వదల్లేదు. తనవాళ్ళతో కొండభాష, మాతో మా యాస, ఇంజనీర్లతో అంగుళాలూ అడుగులూ మాట్లాడేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మా అమ్మ అడిగితే, “నచ్చినోడికి గీత తిన్నగా రాదు. గీత తిన్నగా వచ్చినోడు నచ్చనేదు,” అందట. కాలనీ అంతా ట్రేసరమ్మ అనేది. నేను పిన్నీ అనేదాన్ని.

ఆవిడతో నా మొదటి జ్ఞాపకం ఒక గౌను. ఆఫీసులో పాతబడిన ట్రేసింగ్ గుడ్డలు పారేస్తుంటే ఆవిడ అడిగి తెచ్చుకునేది. వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిదనం ఇచ్చే గంజి అంతా పోయేదాకా ఉతికితే లోపల్నుంచి మెత్తటి నూలుగుడ్డ బయటికొచ్చేది. దాంతో కాలనీ ఆడపిల్లలకి లోపలి గౌన్లు కుట్టేది. ఎంత ఉతికినా సిరా అక్కడక్కడ మిగిలేది. నా గౌనుకి నడుం దగ్గర కొండ దిగే నీటి పైపూ, వీపు మీద సగం టర్బైనూ ఉండేవి. బళ్ళో పిల్లలు నవ్వారని ఏడుస్తూ వస్తే, “ఈపు మీద టర్బైను మోసే గుంట ఈ జిల్లాలో ఇంకొకర్తి ఉందేటి? సూపించుకు తిరుగు,” అంది. మర్నాటి నుంచి నిజంగానే చూపించుకు తిరిగాను. అమ్మ నెత్తి కొట్టుకుంది.

సెలవు రోజుల్లో ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గీతలు నేర్పేది. ఎదురుగా కనిపించే అంచుకి నిండుగీత. గోడ వెనకో, నేల కిందో దాగి ఉన్నదానికి చుక్కగీత. డ్రాయింగు నేర్చుకున్న ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. కాకపోతే అందరూ కనిపించేదంతా గీసేసి, చివర్లో ఓపికుంటే చుక్కగీతలు పెడతారు. ఆవిడ వాటితోనే మొదలుపెట్టేది. “కనపడింది ఎలగూ మర్సిపోవు. కనపడందే మర్సిపోతావు. అదే ముందల గియ్యి,” అనేది. మా నాన్న పవర్‌హౌస్‌లో ఆపరేటర్ కాబట్టి ఆఫీసు కబుర్లు ఇంటికి వచ్చేవి. పటం మొత్తం చుక్కలే ఉంది, బిల్డింగు ఏదమ్మా అని ఎవరో పెద్ద ఇంజనీరు విసుక్కున్నాడనీ, ఆవిడ తల ఎత్తకుండా “వత్తాది బాబూ” అందనీ నాన్న చెప్పి నవ్వేవాడు.

“ఇది దేన్ని సూసుకుని ఉంది?” అన్నది ఆవిడ ఊతపదం. గడియారాన్ని చూసినా, మబ్బుని చూసినా ఇదే ప్రశ్న. తొంభైల మొదట్లో, నాకు పదేళ్ళప్పుడు, ఒక ఆదివారం ఇడ్లీ ఇంకా కాలేదని మా అమ్మ మీద అలిగి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కాయితం తీసి ఒక మూల ఇడ్లీపాత్ర బొమ్మ వేసింది. అమ్మ పొయ్యి వెలిగించడం నాన్న డ్యూటీ దిగి రావడాన్ని చూసుకుని ఉంటుంది. నాన్న డ్యూటీ దిగడం తర్వాతి షిఫ్టువాళ్ళని చూసుకుని ఉంటుంది. వాళ్ళకి ఎన్ని మిషన్లు అప్పజెప్పాలన్నది డ్యామ్‌లో నీళ్ళని చూసుకుని ఉంటుంది. ఒక్కొక్కదానికీ బొమ్మ వేసి, వాటి మధ్య చుక్కగీతలు లాగి, “అంటే ఏటి? నీ ఇడ్లీ డేం నీటిని సూసుకుని ఉడుకుతంది. ఎల్లి మీ అమ్మ మీద అలగడం మాను,” అంది. చాలా ఏళ్ళు ఎండాకాలంలో డ్యామ్ తగ్గినప్పుడల్లా నాకు టిఫిన్ గురించి బెంగపట్టుకునేది.

అలాగని ఆవిడ దేవతేమీ కాదు. మొండిది. తన పెన్ను చచ్చినా ఎవరికీ ఇచ్చేది కాదు. కాఫీ తోటల మధ్య పుట్టి పెరిగి కాఫీ ముట్టేది కాదు, ఎందుకని అడిగితే మాట మార్చేది. ధనుర్మాసంలో ఆడవాళ్ళు ముగ్గులేస్తే నడుం మీద చేతులేసుకుని నిలబడి, ఒక మెలిక ఇంకో మెలిక కిందనుంచి పోతున్నప్పుడు అక్కడ చుక్కలు పెట్టాలి కదా అని పేచీ పెట్టేది. వాళ్ళు మూతి ముడుచుకునేవారు. మెచ్చుకోవడం అసలు తెలీదు. నేను పదో తరగతిలో జిల్లా స్థాయి డ్రాయింగు పోటీలో గెలిచి వస్తే, బొమ్మని తలకిందులుగా తిప్పి చూసి “పర్లేదు” అంది. ఆ పర్లేదుని నేను వారం రోజులు నోట్లో చప్పరించాను.

చదువయ్యాక విశాఖపట్నంలో ఒక చిన్న గ్రాఫిక్స్ స్టూడియోలో చేరాను. కట్టబోయే అపార్టుమెంట్లు ఎలా ఉంటాయో కంప్యూటర్లో చూపించడం, టీవీ సీరియళ్ళలో పాముల్ని ఎగరేయడం, లంబసింగి పొగమంచు తెరమీద తయారుచెయ్యడం మా పని. మేం వాడే సాఫ్ట్‌వేర్లో బొమ్మని చేత్తో గియ్యం. తెర మీద చిన్నచిన్న బాక్సులుంటాయి. ఒక బాక్సు నేలని తయారుచేస్తుంది, ఇంకోటి దానిమీద చెట్లు నాటుతుంది, ఇంకోటి నీళ్ళు పోస్తుంది. బాక్సుకీ బాక్సుకీ మధ్య తీగలు కలుపుతాం. తీగల వెంట బొమ్మ ఒకదాన్నుంచి ఒకదానికి ప్రవహించి చివరికి సినిమా అవుతుంది.

ఇక్కడొక తిరకాసుంది, కథంతా దానిమీదే నడుస్తుంది కాబట్టి చెప్పాలి. ప్రతి బాక్సులోనూ కొన్ని అంకెలుంటాయి, ఎత్తు ఎంత, వెడల్పు ఎంత అని. అంకెకి బదులు అక్కడ ఒక ఫార్ములా కూడా రాయొచ్చు, ఫలానా బాక్సులో ఎత్తు ఎంతుంటే అంతకి రెట్టింపు తీసుకో అని. అప్పుడు ఆ రెండు బాక్సులూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. కానీ వాటి మధ్య తీగ కనపడదు. బాక్సు తెరిచి చూస్తే ఆ అంకె ఆకుపచ్చ రంగులో ఉంటుంది, అంతే. రెండువందల బాక్సులున్నచోట ఏది దేన్ని చూసుకుని ఉందో రాసినవాడికే నెల తిరిగేసరికి గుర్తుండదు. మేమంతా దాన్ని సాఫ్ట్‌వేర్ స్వభావం అనుకుని సరిపెట్టుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో మాకొక పని వచ్చింది. అరకు దగ్గర ఒక కొండ గెడ్డకి, అంటే వాగుకి, అడ్డంగా నీటిపారుదల శాఖవాళ్ళు చిన్న ఆనకట్ట కట్టాలనుకున్నారు. నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో కంప్యూటర్ బొమ్మలో చూపించాలి. గెడ్డ పైన ఒక గూడెం ఉంది. ఆ గూడెంవాళ్ళు, నీళ్ళు మా ఇళ్ళలోకి రావని కళ్ళతో చూపిస్తేనే ఒప్పుకుంటాం, లేకపోతే లేదు అని తేల్చిచెప్పారు. మా బొమ్మ చూసి ఊరంతా వేలిముద్రలు వెయ్యాలన్నమాట. రెండు నెలలు కష్టపడి చేశాం. నీలం నీళ్ళు మెల్లగా పైకి వచ్చి, కిందివరస ఇళ్ళకి ఎంతో దిగువనే ఆగిపోయేవి. చేయించుకున్నవాళ్ళు చూసి బాగుందన్నారు. శనివారం గూడెంలో చూపించాలి.

ఆ వారమే పిన్ని కంటి ఆపరేషన్‌కి విశాఖ వచ్చి నా గదిలో దిగింది. ఒక కంటికి కట్టు, పైన ఆస్పత్రివాళ్ళిచ్చిన ముదురాకుపచ్చ కళ్ళద్దాలు. చదవొద్దని, టీవీ చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గదిలో ఒంటరిగా కూర్చోలేక మంగళవారం నాతోపాటు స్టూడియోకి వచ్చింది. నా పక్కన కుర్చీ వేసి, గొప్ప కోసమే అనుకోండి, ఆ సినిమా పెట్టాను. చిన్నప్పటి పర్లేదు ఇంకోసారి వినాలనిపించింది.

మొత్తం చూసింది. మళ్ళీ వెయ్యమంది. రెండోసారి చూశాక, “ఈ గూడెం నానెరుగుదును. మా అప్పని ఇచ్చిన ఊరు,” అంది. “గెడ్డ కాణ్ణుంచి నీళ్ళ బిందె ఎత్తుకుని ఇంటికి ఎక్కితే ఒక్కపాలి ఆగి ఊపిరి తీసుకుంటాం. నువ్వు గీసిన కొండ ఎక్కాలంటే రెండుపాల్లు ఆగాల. ఏటి సేసినావు?”

నేను నవ్వాను. “కొంచెం ఎత్తు పెంచాం పిన్నీ. తెర మీద కొండలు చప్పగా, చాప పరిచినట్టు కనిపిస్తాయి. ఒకటిన్నర రెట్లు నిలువుగా లాగితేనే కొండలా ఉంటుంది. మా పనిలో అందరూ లాగుతారు.”

“కొండని లాగినావు, సరే. మరి నీటిని లాగినావా?”

“అది దానంతటదే వస్తుంది. నీటిమట్టం నేలని చూసుకుని ఉంటుంది. ఫార్ములా రాశాం.”

“ఏ నేలని? లాగకముందు నేలనా, లాగినాక నేలనా?”

ఆ ఫార్ములా రాసినతను ఉద్యోగం మానేసి వెళ్ళి నెలన్నర అయింది. బాక్సు తెరిచి, ఇదిగో ఆకుపచ్చగా ఉంది చూడు, లింకు ఉందన్నమాట అన్నాను. ఆవిడ ఆ ముదురాకుపచ్చ కళ్ళద్దాల్లోంచి నావైపు తిరిగింది. “నాకు ఈ అద్దాల్లోంచి నీ మొకం కూడా పచ్చగానే ఉంది. రంగు కాదు గుంటా, గీత సూపించు. ఇక్కణ్ణుంచి ఎక్కడికి ఎల్తంది?”

“గీత ఉండదు పిన్నీ. తీగలు కనిపిస్తాయి గానీ ఇవి లోపలుంటాయి.”

“నోపలున్నవేటో ఎవులూ గియ్యనేదా?” అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగా ఆశ్చర్యపోయింది. రెండువందల బాక్సుల పటం వేసి, అందులో దాగినదాన్ని ఒక్క గీత గియ్యకుండా చదువుకున్నవాళ్ళు ఎలా వదిలేశారో ఆవిడకి అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నాకూ అర్థం కాలేదు.

పాత గోడ కేలండర్లు నాలుగు తెప్పించి, వెనకవైపు పైకి వచ్చేలా అతికించింది. డాక్టరు వద్దన్నాడు కదా అంటే, “సదవొద్దన్నాడు. గియ్యొద్దన్నాడేటి? నువ్వు సదువు,” అంది. ఆ మధ్యాహ్నం, ఆ తర్వాతి రెండు మధ్యాహ్నాలూ, నేను ఒక్కో బాక్సూ తెరిచి అందులో ఫార్ములా పైకి చదివాను. ఆవిడ బాక్సులన్నీ చతురస్రాలుగా పరిచి, ఏ అంకె ఏ బాక్సుని చూసుకుని ఉందో దానికీ దీనికీ మధ్య చుక్కగీత గీసింది. ముందు అవే. తీగలకి నిండుగీతలు చివర్లో. ఒక కన్నుతో, మొహం కాయితానికి ఆనించినంత దగ్గరగా పెట్టి గీసినా ఒక్క గీత వంకర పోలేదు. చుట్టూ మా ఆఫీసు పిల్లలు చేరారు. మొదట్లో నవ్వుకున్నారు, తర్వాత వాళ్ళే పెన్సిళ్ళు చెక్కి ఇచ్చారు.

పటం పూర్తికావచ్చేసరికి ఒక వింత బయటపడింది. బొమ్మలోని కాఫీ తోటల్లో చెట్లెన్ని ఉండాలన్నది, వాటిని చూపించే కంప్యూటర్ కెమెరా ఎత్తుని చూసుకుని ఉంది. కెమెరా పైకి వెళ్ళినప్పుడల్లా అడవి పలచబడిపోతుంటే మేం రెండు నెలలుగా కంప్యూటర్ని తిడుతున్నాం. పిల్లలు పడి పడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు, తర్వాతది చదవమంది. తర్వాతది నీటి బాక్సు. ఫార్ములా చదివాను. పెన్సిలు నీటి దగ్గర బయల్దేరి, చుక్కలు పెట్టుకుంటూ, కొండల్ని ఒకటిన్నర రెట్లు లాగే బాక్సుని పక్కనుంచి దాటేసి, దానికి ముందున్న అసలు నేల దగ్గర ఆగింది. అందరం చూశాం.

కొండ లాగినప్పుడు ఇళ్ళు కూడా దాంతోపాటు పైకి పోయాయి. నీరు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అందుకే గూడెం అంత పొడిగా, అంత క్షేమంగా కనిపించింది. ఫార్ములాలో ఒక్క పేరు మార్చి మళ్ళీ నడిపించాను. నీలం నీళ్ళు పైకి వచ్చి, కిందివరస ఇళ్ళ గుమ్మాలు దాటి, కప్పుల దాకా లేచాయి. గురువారం సాయంత్రం అది. శనివారానికి మధ్యలో ఒక్క రోజు ఉంది.

మా స్టూడియో యజమాని మొదట నమ్మలేదు, తర్వాత భయపడ్డాడు. వాళ్ళు చూసి సరే అన్న సినిమా ఇది, వాళ్ళ ప్లానులు వాళ్ళ దగ్గరుంటాయి, మనది ఉత్త బొమ్మే కదా అన్నాడు. నిజం చెప్పాలంటే గదికి వెళ్ళేటప్పుడు నాకూ ఆ మాట కొంచెం హాయిగానే అనిపించింది. మనది బొమ్మే కదా పిన్నీ, అసలు లెక్క ఇంజనీర్లు చూసుకుంటారులే అన్నాను.

ఆవిడ చారులోకి చింతపండు పిసుకుతూ, తన చిన్నప్పటి సంగతి చెప్పింది. ఎక్కడో పక్క లోయలో జలాశయం కడుతున్నప్పుడు వాళ్ళ ఊరి చివర ఒక మేకు కొట్టారట, నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని. ఊరందరూ వెళ్ళి ఆ మేకుని చూసి, మన ఇళ్ళు పైనే ఉన్నాయి కదా అని వచ్చేశారట. “మేకుని సూసినారు. ఆ మేకు దేన్ని సూసి కొట్టినారో మా అయ్యా అడగనేదు, ఎవులూ అడగనేదు. ఆ యేడు వానలకి మేకు ములిగిపోనాది, మా ఇల్లు ములిగిపోనాది.” చెయ్యి కడుక్కుంది. “నీది బొమ్మే. కానీ ఆల ఏలిముద్ర నీ బొమ్మని సూసుకుని ఉంది.”

ఆ మాట అన్నాక చారు పోపు పెట్టింది, అన్నం తినమంది, ఇంక ఆ ఊసు ఎత్తలేదు. నేను తినలేకపోయాను. ఇంత చదువుకుని, నా వీపు మీద టర్బైను మోసి, ఆ చిన్న సంగతి నాకు నేనుగా తట్టనందుకు సిగ్గేసింది. శుక్రవారం పొద్దున్న యజమాని దగ్గరికి ఆ కేలండర్ల పటం చుట్టి పట్టుకెళ్ళాను. బల్ల మీద పరిచి, చుక్కగీత మీద వేలు పెట్టి చూపించాను. ఫార్ములాలు తెలీని మనిషికి కూడా ఆ గీత తెలిసింది. ఆయనే ఫోన్ తీసి ఆనకట్టవాళ్ళకి చెప్పాడు. ఆయన్ని ఆ పూట నేను మనసారా గౌరవించాను.

శనివారం గూడెం బడి వరండాలో జనరేటరు పెట్టి కంప్యూటర్ నడిపించాం. కట్టు విప్పిన కన్ను ఒత్తుకుంటూ పిన్ని కూడా వచ్చింది. ఆనకట్టవాళ్ళ తరఫున వచ్చిన ఇంజనీరు చిన్న వయసువాడు, మంచివాడు. తమ సర్వే జరిగేనాటికి ఆ కిందివరస ఇళ్ళు ఇంకా కట్టలేదనీ, అందుకే ప్లానులో లేవనీ అందరి ముందూ ఒప్పుకున్నాడు. నీళ్ళు ఇళ్ళ మీదికి రావడం తెర మీద చూసి జనం ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలుపెట్టారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిన్ని చాప మీద తన పటం పరిచి, ముసలివాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్ళ భాషలో ఒక్కొక్క గీతా చెప్పింది. ఆనకట్ట గోడ ఎత్తుని నీరు చూసుకుని ఉంది, నీటిని ఇల్లు చూసుకుని ఉంది. వాళ్ళకి అది చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు. మాకు రెండు నెలలు పట్టింది.

కిందివరస ఇంటావిడ ఒకామె, చంకలో పిల్లతో, తెర దాకా వచ్చి పిన్నితో ఏదో అడిగింది. పిన్ని నావైపు తిరిగి, “ఆల ఇల్లు ఏ అంకె కాడ బతుకుతాదీ అని అడుగుతంది. గోడ దించు, సూద్దాం,” అంది.

ఇంజనీరు వైపు చూశాను. కానివ్వండి అన్నట్టు తలూపాడు. ఆనకట్ట ఎత్తు అంకె ఒక మీటరు తగ్గించాను. నీరు కప్పుల దగ్గర్నుంచి గుమ్మాలకి దిగింది. గీతలన్నీ ఇప్పుడు ఉండవలసిన చోట ఉన్నాయి కాబట్టి ఒక్క అంకె కదిపితే అన్నీ కదిలాయి. ఇంకా దించమన్నారు. గుమ్మం దిగింది, మెట్టు దిగింది, పెరటి కంచె దిగింది. “వానాకాలం లెక్కకి ఇంకొంచెం,” అంది పిన్ని. ఇంజనీరు, అది నిజమే, అలా వదలాలి అని తన డైరీలో రాసుకున్నాడు. పారే భూమి తగ్గుతుందని కూడా చెప్పాడు. గూడెం పెద్ద ఒకాయన తెలుగులోనే అన్నాడు, “తగ్గనీ బాబూ. కొంప ఉంటే మెట్టన చోళ్ళు పండించుకుంటాం.” ఆరోజు ఎవరూ వేలిముద్ర వెయ్యలేదు. గోడ దించి కొత్త ప్లాను గీసి తెచ్చాక, ఎన్నో నెలల తర్వాత వేశారు.

తిరుగు ప్రయాణంలో జీపులో నా పక్కన కూర్చుని, చాలాసేపటికి, కిటికీలోంచి చూస్తూనే అంది. “నువ్వు సదివినావు కాబట్టి నాను గీసినాను.” ఆవిడ నోట అలాంటి మాట విన్నవాళ్ళు నేను కాక ఇంకెవరూ ఉండరనుకుంటాను. జీపులో అందరిముందూ ఏడిచేశాను. ఏటైనాది, కళ్ళలో దుమ్ము పడినాదా, నా అద్దాలు పెట్టుకో అంది.

తర్వాత మేం మా సాఫ్ట్‌వేర్లో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ఒక మీట నొక్కితే ఏ అంకె ఏ అంకెని చూసుకుని ఉందో బాక్సుల మధ్య చుక్కగీతలుగా పడుతుంది. కొన్నాళ్ళకి కొత్త వెర్షన్‌లో కంపెనీవాళ్ళే అలాంటిది పెట్టారు, లోకంలో ఇంకెందరో మాలాగే తలలు బాదుకుని ఉంటారు. మా ఆఫీసులో మాత్రం ఇప్పటికీ దాన్ని పిన్ని మీట అంటాం. కొత్తగా చేరిన పిల్లలకి పిన్ని ఎవరో తెలీదు. పని మొదలెట్టేముందు అది నొక్కండి అని వాళ్ళకి చెప్తుంటే, నా గొంతులో యాస మారిపోతుందని నవ్వుతారు. ఆవిడకి ఈ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు, “గీతలు తిన్నగా వత్తన్నాయా?” అని మాత్రం అడిగింది.

ఆవిడ నాకు నేర్పింది డ్రాయింగు అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు ఏ మాట చెప్పినా, ఏ అంకె చూపించినా, ఇది దేన్ని చూసుకుని ఉంది అని అడగకుండా ఉండలేను. ఈ బుద్ధివల్ల స్నేహితులు కొందరు దూరమయ్యారు, పని మాత్రం ఎప్పుడూ చెడలేదు. ఆవిడ ఉన్నప్పుడు ఇదంతా ఎదురుగా కూర్చుని చెప్పలేదు. చెప్పినా వినేది కాదు, టీ పెట్టడానికి లేచిపోయేది. అయినా చెప్పి ఉండాల్సింది.

ముంచింగిపుట్టు అవతల వాళ్ళవాళ్ళు ఇప్పుడుంటున్న ఊళ్ళో ఆవిడని మట్టిచేశారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఒక రాత్రి అక్కడ ఉండి, మర్నాడు విశాఖ వస్తూ దారిలో ఆ గూడెం దగ్గర దిగాను. ఆనకట్ట పూర్తయ్యాక నేను చూడ్డం అదే మొదలు. పిన్ని మోకాళ్ళ వల్ల అసలు చూడనే లేదు. వానలు వెళ్ళిన కొత్త, నీళ్ళు అంచు దాకా నిండుగా ఉన్నాయి. కిందివరస చివరి ఇంటి దగ్గర, ఆరోజు తెర దాకా వచ్చి అడిగిన ఆమె గోడకి ఎర్రమట్టి పూస్తోంది. పోల్చుకుని నవ్వింది. పిన్ని పోయిందని చెప్పాను. చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. వాళ్ళ భాషలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు, అడగలేదు. పెరటి కంచె దాటి కిందికి దిగి, చేతిలో గుడ్డని ఆ జలాశయం నీళ్ళలోనే ముంచి, పిండి, తిరిగొచ్చి ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి మళ్ళీ పూయడం మొదలుపెట్టింది. నీటికీ గోడకీ మధ్య ఆమె అటూ ఇటూ తిరిగి పనిచేసుకునేంత జాగా ఉంది. అందులోనే ఒక పక్కగా వాళ్ళ కుక్క పడుకుని నిద్రపోతోంది.